బర్లీకి శనివారం అని డబ్బు తీసుకుని శుక్రవారం తీసుకెళ్ళారు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: బర్లీ హార్స్ ట్రయల్స్ (స్టాంఫర్డ్ దగ్గర జరిగే గుర్రాల పోటీ) ఒక్కరోజు ప్యాకేజీ, లెస్టర్ నుంచి ఇద్దరికి, డబ్బు వాపసు గురించి

నమస్కారం అండి. ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేశాను, రెండు మెయిల్స్ పెట్టాను. మొదటిదానికి జవాబే లేదు, రెండోదానికి మాత్రం వచ్చే ట్రిప్‌లో వాడుకోమని 15 పౌండ్ల వోచర్ పంపారు. నాకు వోచర్ వద్దు. జరిగింది మొదటి నుంచి రాస్తున్నాను, ఈసారి పూర్తిగా చదివి మీ పైవాళ్ళకి కూడా చూపించండి. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల్ని దగ్గరుండి తిప్పి చూపిస్తాం, వాళ్ళతో తెలుగులోనే మాట్లాడతాం అని మీరే ప్రకటన ఇచ్చుకుంటారు కదా, అందుకే తెలుగులోనే రాస్తున్నాను.

జులైలో మీ దగ్గర శనివారానికి రెండు సీట్లు బుక్ చేశాను, ఒక్కొక్కటి 115 పౌండ్లు. మీరు పంపిన కాగితంలో ఉన్నవి ఇవి: ఉదయం ఆరున్నరకి బస్సు, ప్రవేశ టికెట్, రిజర్వ్ చేసిన సీటు, నడవలేని పెద్దవాళ్ళని పార్కులో తిప్పే చిన్న బండి (బగ్గీ), శాకాహార భోజనం, సాయంత్రం ఐదున్నరకి తిరుగు ప్రయాణం. "శనివారం, క్రాస్ కంట్రీ రోజు" అని, అంటే గుర్రాలు పార్కులో కంచెలు దూకుతూ పరుగెత్తే రోజని, మీరే పెద్ద అక్షరాలతో వేశారు. ఆ ఒక్క మాట చూసే నేను డబ్బు కట్టాను.

ఎందుకో చెప్తాను. మా నాన్నది పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం పక్క ఊరు. ఆ చుట్టుపక్కల సైన్యంలో మనిషి లేని ఇల్లు వెతికినా దొరకదు. నాన్న చేరింది మాత్రం సైన్యంలో జంతువుల్ని చూసుకునే రిమౌంట్ వెటర్నరీ కోర్‌లో, గుర్రాలకి లాడాలు కొట్టే పనిలో. మీరట్, హిసార్ తిరుగుతూ ఇరవై నాలుగేళ్ళు అదే పని చేశారు. 1982 ఢిల్లీ ఏషియాడ్‌లో రఘువీర్ సింగ్ గారు ఈవెంటింగ్‌లో (బర్లీలో జరిగే మూడు పరీక్షల గుర్రపు పోటీ ఇదే) బంగారు పతకం గెలిచినప్పుడు నాన్న అక్కడే డ్యూటీలో ఉన్నారు. ఆ రోజు గురించి ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెప్తారు. 2018లో జకార్తాలో ఫవాద్ మీర్జా రెండు రజతాలు గెలిస్తే ఊళ్ళో తెలిసినవాళ్ళందరికీ ఫోన్ చేశారు, అదే కుర్రాడు టోక్యో ఒలింపిక్స్‌లో ఫైనల్ దాకా వెళ్ళి 23వ స్థానంలో నిలిచాడంటే అది మామూలు విషయం కాదని మా అందరినీ కూర్చోబెట్టి వివరించారు. అలాంటి మనిషి బ్యారక్‌లో ఉన్న రోజుల్లో ఏదో పాత ఇంగ్లీషు పత్రికలో బర్లీ కంచెల ఫోటోలు చూసి, అవి నిజంగా అంత ఎత్తుంటాయా అని అప్పటి నుంచీ అనుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు ఆయనకి 69, మోకాలు అరిగిపోయింది. వీసా దొరికి, నాకు సెలవు దొరికి, ఆయన ఇక్కడ ఉన్న రోజుల్లోనే ఆ పోటీ రావడం అనేది మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో నాకు తెలియదు.

గురువారం రాత్రి తొమ్మిది నలభైకి మీ దగ్గర నుంచి వాట్సాప్ వచ్చింది. శనివారం బస్సు రద్దు చేశాం, మీ సీట్లు రేపటికి మార్చాం, పొద్దున ఆరున్నరకి రెడీగా ఉండండి అని. వెంటనే ఫోన్ చేస్తే మీ ఆఫీసు అబ్బాయి అన్న మాట ఇది: "ఏ రోజైనా గుర్రాలే కదా మేడమ్." ఆ మాట నేను మర్చిపోలేకపోతున్నాను, ఎందుకంటే అది పొరపాటున నోరు జారడం కాదు, మీరు అమ్ముతున్నది ఏంటో మీకే తెలియదని దానితోనే అర్థమైంది.

ఏ రోజైనా ఒకటే కాదండి. గురు, శుక్రవారాల్లో జరిగేది డ్రెస్సాజ్. ఒక చదునైన మైదానంలో గుర్రమూ రౌతూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి, నేర్పిన అడుగులు ఎంత పొందికగా వేస్తారో జడ్జీలు మార్కులు వేస్తారు. అందులో చాలా నైపుణ్యం ఉంది, నేను తక్కువ చేయట్లేదు, నాన్న కూడా దాన్ని శ్రద్ధగానే చూశారు. శనివారం మాత్రం పూర్తిగా వేరు. ఆరు కిలోమీటర్ల పైన దూరం, ఎత్తుపల్లాల పార్కులో పదకొండు నిమిషాల చిల్లరలో పరుగెత్తుతూ నలభై దాకా దూకుళ్ళు, అవన్నీ కదలని కొయ్యలు, ఆదివారం షో జంపింగ్‌లోలా తగిలితే పడిపోయే కర్రలు కావు. గుర్రం ఒక్కసారి మొరాయిస్తే 20 పెనాల్టీలు, పెట్టిన సమయం దాటితే ప్రతి సెకనుకి 0.4, రౌతు పడిపోతే అక్కడితో ఆట అయిపోయినట్టే. బర్లీ అంటే జనం చెప్పుకునేది ఆ శనివారం గురించే. ప్రపంచం మొత్తం మీద ఫైవ్ స్టార్, అంటే అన్నిటికంటే పై స్థాయి పోటీలు ఏడే ఉన్నాయి, అందులో ఇదొకటి, 1961 నుంచి జరుగుతోంది. పైగా శనివారం టికెట్ ధర శుక్రవారం కంటే ఎక్కువ. నా దగ్గర శనివారం రేటు తీసుకుని శుక్రవారం టికెట్ చేతిలో పెట్టారు, ఆ తేడా డబ్బు గురించి ఇంతవరకు ఒక్క మాట కూడా లేదు.

ఆ రాత్రి నేను పడిన టెన్షన్ చెప్పలేను. నేను హాస్పిటల్‌లో నర్సుని, శుక్రవారం నాకు డ్యూటీ ఉంది. అర్ధరాత్రి దాకా అందరికీ మెసేజ్‌లు పెట్టి ఒకమ్మాయితో డ్యూటీ మార్చుకున్నాను, దానికి బదులుగా శనివారం నేను పనిచేయాల్సి వచ్చింది. అంటే శనివారం నా సొంతంగా టికెట్ కొని తీసుకెళ్ళే దారి కూడా మూసుకుపోయింది. ఒక్క రోజు ముందు చెప్పినా ఇంకేదో ఒకటి చేసుకునేదాన్ని. తర్వాత మీ ఇంకో అమ్మాయి ఫోన్‌లో ఒప్పుకున్నారు, శనివారం బస్సుకి తొమ్మిది మందే అయ్యారు కాబట్టి కలిపేశామని. తొమ్మిది మందే ఉన్నారని మీకు గురువారం రాత్రి తొమ్మిదింటికే తెలిసిందా?

శుక్రవారం సంగతి. ఆరున్నరకి రావాల్సిన బస్సు ఎనిమిది పదికి వచ్చింది, తర్వాత ఇంకో రెండు ఊళ్ళు తిరిగి, లెస్టర్ నుంచి గంట ప్రయాణం ఉన్న స్టాంఫర్డ్‌కి మేము చేరేసరికి పన్నెండు దాటింది. బస్సులో మీ గైడ్ మైక్ పట్టుకుని ఇది గుర్రప్పందాలనీ, ఏ గుర్రం ముందొస్తే అది గెలిచినట్టనీ చెప్పాడు, వెనక సీట్లో ఒకాయన పందెం ఎక్కడ కాయాలని కూడా అడిగారు. నాన్న మెల్లగా లేచి, ఇది పందెం కాదు బాబూ, మూడు పరీక్షలు, ఒకే గుర్రం ఒకే రౌతు మూడూ దాటాలి, అందరికంటే తక్కువ పెనాల్టీ ఉన్నవాళ్ళు గెలుస్తారు అని చెప్పాల్సి వచ్చింది. పోటీ జరిగే పార్కులో ఉన్న బర్లీ హౌస్ అనే భవనం ఎలిజబెత్ రాణి కట్టించిన ప్యాలెస్ అని కూడా ఆ అబ్బాయే చెప్పాడు. కట్టించింది ఆవిడ ఖజానా చూసిన మంత్రి విలియం సెసిల్, 1555లో మొదలుపెడితే 1587 దాకా పట్టింది. 1928 ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో బంగారు పతకం గెలిచిన ప్రభువు ఆ వంశంవాడే, ఈ పోటీకి తన ఎస్టేట్‌లో చోటిచ్చింది కూడా ఆయనే. ఇవి చెప్పి ఉంటే బస్సులో పెద్దవాళ్ళు ఎంత ఆసక్తిగా వినేవాళ్ళో! ఆ అబ్బాయిని నేను తప్పు పట్టట్లేదు, అతనికి ఎవరూ ఏమీ నేర్పకుండా పంపారు, ఆ తప్పు మీది.

బగ్గీ లేదు. అడిగితే అది ఈవెంట్ వాళ్ళు చూసుకుంటారన్నాడు, వాళ్ళని అడిగితే మీ కంపెనీ నుంచి ఏ కోరికా రాలేదన్నారు. రిజర్వ్ సీటు కూడా లేదు. శాకాహార భోజనం అంటే చీజ్ శాండ్‌విచ్, ఒక యాపిల్. ఇది పెద్ద విషయం కాదు, మేము పులిహోర తీసుకెళ్ళాం.

గంటసేపు డ్రెస్సాజ్ చూశాక నాన్న, రేపటి కంచెలు ఇవాళ నడిచి చూడనిస్తారమ్మా, ఒక్కటైనా చూద్దాం అన్నారు. నిజమే, ఆ రోజు మామూలు జనం కూడా ఆ దారి వెంట నడవొచ్చు. కర్ర పట్టుకుని, ప్రతి రెండు వందల అడుగులకీ ఆగుతూ, కాట్స్‌మోర్ లీప్ అనే దాని దాకా వచ్చాం. ముందు పెద్ద గొయ్యి, దాని మీద పొదల కంచె. ఆ గోతిలో మనిషి నిలబడగలడు. నాన్న ఏమీ మాట్లాడలేదు, గుర్రం కాళ్ళు లేపే చోట వంగి గడ్డి మీద చెయ్యి వేసి నేల ఎంత మెత్తగా ఉందో చూశారు. ఇక్కడ లాడానికి మరమేకులు బిగించకపోతే వెనక కాలు జారుతుంది, ఏ సైజు వాడతారో రేపు చూస్తే తెలిసేది అన్నారు. ఆయన చూడాలనుకున్నది సరిగ్గా అదేనండి. దూకేముందు ఆ గిట్టలు నేలని ఎలా పట్టుకుంటాయో, దిగేటప్పుడు ఏ కాలు ముందు పడుతుందో, పరుగు ముగించి వచ్చిన గుర్రాన్ని చల్లటి నీళ్ళు పోసి ఎలా తేరుకోనిస్తారో.

అక్కడ ఉండగానే గైడ్ ఫోన్. బస్సు మూడున్నరకే బయలుదేరుతోంది, డ్రైవర్ డ్యూటీ గంటలు అయిపోతున్నాయి, వెంటనే రండి అని. కాగితంలో ఐదున్నర. గుర్రాలు నీళ్ళలోకి దూకే ట్రౌట్ హ్యాచరీ అనే చోటు ఇంకా చూడలేదు. అరిగిన మోకాలితో ఆయన్ని ఆ పార్కంతా తొందరపెట్టి నడిపించాను, మధ్యలో ఒక పెద్దాయన, అక్కడి వాలంటీర్, చూడలేక మడత కుర్చీ తెచ్చి వేస్తే నాన్న రెండు నిమిషాలు కూడా కూర్చోలేదు, బస్సు వెళ్ళిపోతుందేమోనని. ఆ రాత్రి మోకాలు వాచింది.

శనివారం నేను డ్యూటీలో ఉన్నాను, నాన్న ఇంట్లో ఒక్కరే ల్యాప్‌టాప్‌లో పోటీవాళ్ళ ఆన్‌లైన్ ప్రసారం బర్లీ టీవీ పెట్టుకుని చూశారు. దానికి వేరే డబ్బు కట్టాను. టీ బ్రేక్‌లో ఫోన్ చేస్తే, బాగానే ఉందమ్మా, కానీ తెర మీద లాడాలు కనపడట్లేదు అన్నారు. సోమవారం ఫ్లైట్ ఎక్కారు.

ఇప్పుడు నాకు కావాల్సినవి. ఇద్దరి డబ్బూ, 230 పౌండ్లు, నేను కట్టిన క్రెడిట్ కార్డుకే తిరిగి రావాలి. మీరు ఒప్పుకున్న సేవ చెప్పినట్టుగా లేకపోతే ధర తగ్గించాలని 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ చెప్తోంది, రోజు, సీటు, బగ్గీ, సమయం నాలుగూ తప్పాక ఇంకా తగ్గించడానికి మిగిలేది ఏమీ లేదు. షరతుల్లో "తేదీలు మారవచ్చు" అని ఉందని మీ అబ్బాయి అన్నాడు, అది చదివాను, కానీ "క్రాస్ కంట్రీ రోజు" అని పేరు పెట్టి అమ్మిన దానికి ఆ ఒక్క వాక్యం అడ్డు పెట్టుకోలేరు. రెండోది, మీ వెబ్‌సైట్‌లో ఆ పేజీ ఇంకా అలాగే ఉంది, బగ్గీ, రిజర్వ్ సీటు అని. నిజంగా ఏర్పాటు చేయలేకపోతే ఆ మాటలు తీసేయండి, ఏ రోజు ఏ పోటీ జరుగుతుందో స్పష్టంగా రాయండి, వచ్చే ఏడాది ఇంకెవరో వాళ్ళ నాన్నని తీసుకెళ్తారు. మూడోది, మా నాన్న పేరు మీద తెలుగులో ఒక క్షమాపణ లేఖ. ఆయన అడగలేదు, నేను అడుగుతున్నాను.

ఈ లేఖ అందిన పద్నాలుగు రోజుల్లో డబ్బు రాకపోతే క్రెడిట్ కార్డుతో కొన్నవాటికి రక్షణ ఇచ్చే సెక్షన్ 75 కింద నా కార్డు బ్యాంకులో క్లెయిమ్ వేస్తాను, అక్కడా తేలకపోతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకి వెళ్తాను. మీ వాట్సాప్ మెసేజ్, బుకింగ్ కాగితం, శుక్రవారం టికెట్ల ఫోటో, గైడ్ చేసిన కాల్ సమయం అన్నీ దీనితో పంపుతున్నాను. జవాబు రాతపూర్వకంగానే ఇవ్వండి, ఫోన్ వద్దు, డ్యూటీలో ఎత్తలేను.

ఇట్లు,
మీ శనివారం బుకింగ్‌లో రెండు సీట్లు తీసుకున్న ప్యాసింజర్,
లెస్టర్