నాన్నా, ఏ ఇంజన్ తీసుకోమంటావు?

నాన్నా,

బాగున్నావా? మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ చెప్పింది. ఈ ఉత్తరం మాత్రం కారు కోసం, ఎందుకంటే ఫోన్లో మొదలుపెడితే అమ్మ ధర దగ్గరే పట్టుకుంటుంది, ఇంజన్ దాకా మాట వెళ్ళదు.

షెఫీల్డ్‌లో సెకండ్ హ్యాండ్ మజ్దా ఎంఎక్స్-5లు రెండు చూశాను, రెండూ 2019 మోడలే. రెండే సీట్లు, టాప్ చేత్తో వెనక్కి తోసెయ్యచ్చు, ఆరు గేర్లు, ఇంజన్ తిప్పేది వెనక చక్రాల్ని, నీ బస్సులాగే. ఒకదానికి 1.5 లీటర్ ఇంజన్, 132 హార్స్‌పవర్. ఇంకోదానికి 2 లీటర్లు, 184. బరువు రెండూ టన్ను చుట్టుపక్కలే.

అమ్మేవాళ్ళు ఇద్దరూ ఎవరి కారులో వాళ్ళు నా పక్కన కూర్చుని కొండల దాకా రానిచ్చారు. కాసిల్టన్ ఊరు దాటాక విన్నాట్స్ పాస్ అని ఒక ఎక్కుడు ఉంది, రెండు పక్కలా సున్నపురాయి కొండ, మధ్యలో సన్నటి రోడ్డు, మన ఘాట్ కంటే నిటారు. పెద్ద ఇంజన్ మూడో గేర్లోనే ఎక్కేసింది. నేను చేసిందేమీ లేదు. పైన రోడ్డు తెరుచుకున్నాక రెండో గేర్లో కాలు వేశానో లేదో గంటకి 50 మైళ్ళు, స్పీడ్ రూలు గుర్తొచ్చి వెంటనే తీసెయ్యాల్సి వచ్చింది.

చిన్నది అలా కాదు. మూడో గేర్లో మూలిగింది. నువ్వు తిరుమల ఎక్కేటప్పుడు అనేవాడివి కదా, బండి అడిగే ముందే గేరు తగ్గించాలని, అదే గుర్తొచ్చి రెండుకి వేశాను, ఇక ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపే సూది 4 వేలు, 5 వేలు దాటి 6 వేల దాకా పోతుంటే ఆ శబ్దం విని నాకు ఒళ్ళు జలదరించింది. అంతా చేసి మనం వెళ్తున్నది 50 మైళ్ళ లోపే! ఇంజన్ దాదాపు మొత్తం వాడుకున్నాను, స్పీడ్ రూలూ తప్పలేదు.

ఇదివరకైతే ఇంత ఆలోచన ఉండేది కాదు. పాత 2 లీటర్ ఇంజన్ 6,800 దగ్గరే ఆగిపోయేది, 1.5 మాత్రం 7,500 దాకా తిరిగేది, తిప్పి నడిపే సరదా కావాలంటే చిన్నదే అని తేలిపోయేది. 2018లో కంపెనీ పెద్దదాన్ని బాగుచేసి 160 నుంచి 184కి పెంచి, దాన్ని కూడా 7,500 దాకా తిరిగేలా చేసింది. మోటార్‌వేలో ఎక్కడానికి, సామానుతో ఇద్దరం దూరం పోవడానికి అదే సుఖం, అది ఒప్పుకోవాలి. ఇన్సూరెన్స్ దానికే ఎక్కువ చెప్పారు.

నా మనసు చిన్నదాని మీదే ఉంది. రోజూ ఆఫీసుకి పాత కారు ఎలాగూ ఉంది, ఇది ఆదివారం పొద్దున కొండల్లో నడపడానికి. కానీ 30 ఏళ్ళు స్టీరింగ్ పట్టినవాడివి, నువ్వు సరే అనకుండా డబ్బు కట్టబుద్ధి కావడం లేదు.

రెండు ఇంజన్ల శబ్దమూ ఆ ఎక్కుడు మీదే రికార్డు చేశాను, తమ్ముడి వాట్సాప్‌కి పంపాను. ఏది ఏదో వాడికి చెప్పలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విను, శనివారంలోపు చెప్పు, ఆ రోజు అడ్వాన్స్ కట్టాలి. జూన్‌లో మీరు వచ్చినప్పుడు అమ్మనీ నిన్నూ ఒకేసారి ఎక్కించలేను, ముందు నువ్వే.

నీ
పెద్దోడు