తప్పు లెక్కకి ఇంటూ కొట్టేశాక ఏమిటి, మంత్రిగారూ?

తమిళనాడు పాఠశాల విద్యాశాఖ మంత్రిగారికి నమస్కారం.

నేను చెన్నై పెరంబూరులో మా ఇంటి వరండాలోనే సాయంత్రాలు లెక్కల ట్యూషన్ చెబుతాను. పిల్లల్లో సగం మంది మా తెలుగువాళ్లు, మిగతావాళ్లు తమిళులు, లెక్కలంటే భయం మాత్రం అందరికీ ఒకటే. ఈమధ్య ఏడో క్లాసు అమ్మాయి టెస్ట్ పేపర్ తెచ్చింది. 1/2కి 1/3 కలిపి 2/5 అని రాసింది, పైవి పైన, కిందవి కింద కూడేసిందన్నమాట. ఎర్ర ఇంకుతో ఇంటూ, పక్కన సున్నా, అంతే. నేను జవాబు చెప్పలేదు, "సగం బాటిల్ నీళ్లున్నాయి, ఇంకాసిని పోశావు, పోశాక సగం కంటే తగ్గిపోతాయా?" అన్నాను. కాసేపు పేపర్ వంక చూసి "అయ్యో ఆంటీ, 2/5 అంటే సగం కూడా లేదు కదా!" అని తనే నవ్వింది, ఆనక రెండింటినీ ఆరో వంతుల్లోకి మార్చి 5/6 తెచ్చింది కూడా. మహా అయితే రెండు మూడు నిమిషాలు. అవి క్లాసులో ఎందుకు దొరకవన్నదే నా గొడవ.

టీచర్లని తిట్టడం లేదండీ, పోర్షన్ తరుముతుంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు. ఆ తరుముడు లేని పద్ధతీ మనకి కొత్త కాదు. మదనపల్లి దగ్గరి రిషి వ్యాలీ బడిలో పుట్టిన, పిల్లలు కార్డులు చూసుకుంటూ తామే నేర్చుకునే పద్ధతిని (మావైపుది, కాస్త గర్వం ఉంటుంది మరి) 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లోకి తెచ్చారు, ఆపైన 2007లో రాష్ట్రమంతా పెట్టారు. ఎవరి వేగం వాళ్లది, ఒకటి వచ్చాకే ఇంకోటి. కానీ అది చిన్న క్లాసుల పద్ధతి. భిన్నాలు ముదిరి, బీజగణితం మొదలై, పిల్లలు "నాకు లెక్కలు రావు" అని తేల్చేసుకునేది ఆ తర్వాతే. అప్పట్లో మన చెన్నై తరమణి గణిత సంస్థ ప్రొఫెసర్‌గా ఉన్న ఆర్. రామానుజం అధ్యక్షతన, జాతీయ పాఠ్యపుస్తకాలు తెచ్చే ఎన్‌సీఈఆర్‌టీ వేసిన బృందం కూడా 2006లో, లెక్కల చదువులో సమస్యల్లో మొదటిది పిల్లల భయమే అంది.

కొత్త స్కీమూ కొత్త పేరూ వద్దు. ప్రతి టెస్టు తర్వాత ఒక్క పీరియడ్ తప్పుల కోసం వదలండి, అదీ పోర్షన్‌లో కలిపే. ఎవరిదో చెప్పకుండా ఒక తప్పు జవాబు బోర్డు మీద రాసి, ఇలా ఎందుకొచ్చి ఉంటుందో పిల్లల్నే అడగాలి. ఇంకోటి, వేరే దారిలో సరైన జవాబు తెచ్చిన పిల్లల మార్కులు కోయొద్దని సర్క్యులర్ ఇవ్వండి. మా దగ్గరికొచ్చే కిరాణా కొట్టాయన కొడుకు 402లోంచి 178 తీసేయమంటే, 178కి 22 వేస్తే 200, అక్కణ్ణుంచి 402కి ఇంకో 202, రెండూ కలిపి 224 అని రాశాడు. కొట్లో చిల్లర ఇచ్చే లెక్కే అది. స్టెప్స్ లేవని మార్కు కోశారు. వాడిప్పుడు వచ్చిన పద్ధతి దాచిపెట్టి, అప్పు తెచ్చే పద్ధతిలో రాసి తప్పులు చేస్తున్నాడు.

ఆ సర్క్యులర్ ప్రైవేటు బడులకీ వర్తించేలా చూడండి, మా వరండాకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అక్కడివాళ్లే.

ఇట్లు,
పెరంబూరు ట్యూషన్ టీచర్