మన సంఘం వార్షిక నివేదిక: గడ్డి మందు, గుడ్డు, పిల్ల

గౌరవ సభ్యులకు నమస్కారం.

నాటుకోళ్ల టీకాలు, నట్టల మందు పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు విడిగా జతచేశాం. ఈ ఏడాది మన పని ఎక్కువగా గడ్డి మందు చుట్టూనే నడిచింది. మిర్యాలగూడ వైపు వరి గెట్ల మీద, మునుగోడు వైపు పత్తి చేన్లలో, బత్తాయి తోటల్లో కూలీలు దొరకని కొద్దీ మందు కొట్టడం పెరుగుతోంది. "కోడి చావలేదు కదా" అని చాలామంది ఊరుకుంటున్నారు. కానీ దెబ్బ ముందు తగిలేది గుడ్డుకు, ఆ తర్వాత రెండు వారాల వయసు లోపు పిల్లకు.

గుడ్డు పెంకుకు వేల కొద్దీ సన్న రంధ్రాలుంటాయి. పిండానికి గాలి అందేది వాటి గుండానే, మందు తుంపర లోపలికి దిగేదీ వాటి గుండానే. 1980లలో అమెరికాలో మల్లార్డ్ బాతు గుడ్లను మందు ద్రావణాల్లో ముంచి చూస్తే, పిండాలకు ఎక్కువ హాని చేసిన కలుపు మందుల్లో పారాక్వాట్ ఒకటని తేలింది. మరో గడ్డి మందు గ్లైఫోసేట్ దారి వేరు. ఫిన్లాండ్‌లోని తుర్కు విశ్వవిద్యాలయంలో జపాన్ కంజులకు (క్వయిల్ పిట్టలకు) గ్లైఫోసేట్ మందును మేతలో కలిపి పెట్టారు. పెద్ద పక్షులు గుడ్లు బాగానే పెట్టాయి. 2020లో అచ్చయిన ఆ ఫలితాల్లో, మందు తిన్న పక్షుల గుడ్లలో సరిగా ఎదిగిన పిండాలు 76 శాతం, తినని వాటిలో 89 శాతం. పైకి నిగనిగలాడే పెట్టను చూసి ధైర్యపడొద్దని మేం పదే పదే చెప్పేది అందుకే.

శిక్షణలో ఎక్కువ సమయం గుడ్ల పరీక్షకే ఇచ్చాం. పొదగేసిన ఏడో రోజు, చీకట్లో, గుడ్డు మొద్దు కొసను సెల్‌ఫోన్ లైటుకు ఆనించి చూడాలి. ఎర్రటి నరాలు సాలెగూడులా పరుచుకుంటే పిండం బతికున్నట్టు. నరాలు లేకుండా ఒక ఎర్ర ఉంగరమే కనిపిస్తే తొలి రోజుల్లోనే చచ్చినట్టు. అయితే ఉంగరం కనబడగానే నేరం మందు మీదికి నెట్టకండి. మన ఎండాకాలంలో ఇంట్లో వారం పది రోజులు దాచిన గుడ్డులో, కోడి కింద పెట్టకముందే పిండం కాస్త ఎదిగి ఆగిపోతుంది. ఏమీ లేని తేట గుడ్డైతే తరచుగా పుంజు కొరతే కారణం. పది పెట్టలకు ఒక పుంజైనా ఉండాలి. ఇవన్నీ విడదీయడానికే రిజిస్టరులో గుడ్డు పెట్టిన తేదీ, పెట్టిన చోటు, దగ్గర్లో మందు కొట్టిన తేదీ, మందు పేరు అని నాలుగు గళ్లు ఉన్నాయి. మందు పేరు గడిని కొందరు ఖాళీగా వదిలేస్తున్నారు. అది లేకపోతే మిగతా మూడూ ఎందుకూ పనికిరావు.

పారాక్వాట్ మట్టిని గట్టిగా పట్టుకుంటుంది, నల్లరేగడిలో మరీను. కాబట్టి ఎండిన నేల కన్నా తడి ఆకు, పంపు కడిగిన నీళ్లు నిలిచిన గుంట ప్రమాదం. పారాక్వాట్ విషానికి విరుగుడు లేదు. పంపును బోరు దగ్గర, కోళ్లు తిరిగే చోట కడగొద్దు. మూడుసార్లు కడిగి, ఆ నీళ్లను మందు కొట్టిన చోటే చల్లేయండి. కోడి చనిపోతే చేతికి తొడుగు వేసుకుని, కళేబరాన్ని సంచిలో చుట్టి, ఐసు మీద అదే రోజు పశువైద్యుడికి అందించండి. మందు అవశేషాల పరీక్షకు పంపే కాలేయాన్ని, కంఠసంచిని (మెడ కింద మేత నిలిచే సంచిని) ఫార్మలిన్‌లో వేస్తే అవి ఆ పరీక్షకు పనికిరావు.

గెట్ల మీద కౌజులు, దున్నిన చేన్లలో తీతువులు నేల మీదే గుడ్లు పెడతాయి. ఎండాకాలం, తొలకరి వాటి కాలం. మనం మందు కొట్టేదీ అప్పుడే. పైగా గడ్డి పోతే పురుగు పోతుంది, పురుగు లేక కౌజు పిల్ల మాడిపోతుంది. ఇంగ్లాండులో చేను అంచున ఆరు మీటర్లు మందు కొట్టకుండా వదిలితే అక్కడి కౌజు జాతి పిల్లలు ఎక్కువగా బతికాయి. మన కమతాల్లో అంత వదలడం కుదరదు. గెట్టుకు ఒక పక్కనైనా వదలమని, మిగతాది కొడవలితో కోయమని కోరుతున్నాం.

గడ్డి మందు తప్పదనుకున్నవాళ్లు పురుగు మందు నాజిల్ వాడొద్దు. దాని సన్న తుంపర గాలికి పక్క చేను దాకా పోతుంది. మందును విసనకర్రలా చదునుగా చల్లే ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్‌కు హుడ్ (తుంపర పక్కకు పోకుండా ఆపే తొడుగు) తొడిగి, మోకాలి కన్నా కిందికి పట్టి, పొద్దున గాలి లేవకముందే ముగించాలి. ముందు రోజు గెట్టంతా ఒకసారి నడవండి. పక్షి లేచిన చోట కర్ర పాతి, దాని చుట్టూ వదిలేయండి.

గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు (మందు కొట్టడానికి లైసెన్సు ఉన్నవాళ్లు) తప్ప ఇతరులు వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులోనే ఉత్తర్వు ఇచ్చింది. బిల్లు లేకుండా అమ్మజూపితే కొనకండి, సంఘానికి చెప్పండి. హుడ్‌లు, రిజిస్టర్లు కార్యదర్శి దగ్గర ఉన్నాయి. వానాకాలం నాట్లకు ముందే తీసుకెళ్లండి.