చివరి ఐదు సున్నాలు ఎక్కడివి?

సంపాదకుడు గారికి,

డిసెంబరు 22న రామానుజన్ జయంతి సందర్భంగా కర్నూలులో ఒక హైస్కూలు పిల్లలు పెట్టిన లెక్కల ప్రదర్శనకు వెళ్లాను. చదరంగం బోర్డు మొదటి గడిలో ఒక బియ్యపు గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గళ్లకూ ఎన్ని గింజలు కావాలన్నది ఒక చార్టు. కర్నూలు సోనా బియ్యంతో మొదటి వరుస నింపి మరీ చూపించారు. ముచ్చటేసింది. మొత్తం మాత్రం 18446744073709600000 అని రాశారు. 'సుమారు' అన్న మాట కూడా లేదు.

ఇది తప్పని తేల్చడానికి కంప్యూటర్ అక్కర్లేదు. 64 రెళ్లను ఒకదానితో ఒకటి హెచ్చించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఆ మొత్తం వస్తుంది. రెళ్లను హెచ్చిస్తూ పోతే చివరి అంకె 2, 4, 8, 6 అనే వరసలోనే తిరుగుతుంది. 64 నాలుగుతో పోతుంది కాబట్టి చివర 6 రావాలి, ఒకటి తీస్తే 5. సున్నా వచ్చే దారే లేదు. అసలు సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615. పక్కపక్క గళ్లను జతగా కూడితే 3, 12, 48... అన్నీ మూడుతో పోయేవే, కాబట్టి మొత్తమూ పోవాలి. దీని అంకెలు కూడితే 87, మూడుతో శేషం లేకుండా పోతుంది. చార్టులోని అంకెలు కూడితే 70, పోదు. ఆరో తరగతి లెక్కే ఇది!

ఈ సంఖ్యలో ఇంకా చాలా సరుకుంది. సగం బోర్డుకు, అంటే 32 గళ్లకు, 4,29,49,67,295 గింజలు పడతాయి. గింజ 20 మిల్లీగ్రాములు అనుకున్నా సుమారు 86 టన్నులు. ఈ సగం బోర్డు గింజల సంఖ్యను, దీనికి రెండు కలిపితే వచ్చే సంఖ్యతో హెచ్చిస్తే పూర్తి బోర్డు లెక్క వచ్చేస్తుంది. ఆ రెండోది, 4,29,49,67,297, ప్రధాన సంఖ్యే అని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ దాన్ని 641తో భాగించి చూపించాడు. ఆ చార్టు పక్కన ఈ కథ రాసి ఉంటే ఎంత బాగుండేది.

పిల్లలను అనడానికి లేదు. ఆ సున్నాలు ఎక్సెల్ పుణ్యం. లెక్క కట్టిన పెద్ద సంఖ్యను అది 15 అంకెలకు సవరించి, మిగతా చోట్ల సున్నాలతో చూపిస్తుంది; అందుకే చార్టులో 95 కాస్తా 96 అయింది. మనం టైపు చేసిన సంఖ్యలోనైతే మొదటి 15 అంకెలే నిలుపుకొని, మిగతా చోట్ల సున్నాలు వేస్తుంది. నాకు టెన్షన్ చార్టు గురించి కాదు, బ్యాంకు ఖాతాల గురించి. కొన్ని బ్యాంకుల ఖాతా నంబర్లు 16 అంకెలు, అంతకన్నా పొడవు కూడా ఉంటాయి. స్కాలర్‌షిప్‌కో, పొదుపు సంఘం డబ్బుకో లిస్టు మామూలుగా టైపు చేసేస్తే 16వ అంకె నుంచి అన్నీ సున్నాలైపోతాయి. నంబరు మొదట్లో సున్నా ఉంటే అదీ ఎగిరిపోతుంది. డబ్బు పడకపోతే ఆఫీసు చుట్టూ తిరగాల్సింది ఖాతాదారుడే.

ఖాతా నంబర్లతో ఎవరూ కూడికలు చేయరు కదా. టైపు మొదలుపెట్టక ముందే ఆ కాలమ్‌ను 'టెక్స్ట్'గా మారిస్తే చాలు. తర్వాత మారిస్తే పోయిన అంకె తిరిగి రాదు. సచివాలయాల్లో, కాలేజీల్లో లిస్టులు తయారుచేసే సిబ్బందికి జిల్లా అధికారులు ఈ ఒక్క ముక్క చెప్పించాలి. ఇప్పటికే ఉన్న లిస్టుల్లో 16వ స్థానం నుంచి సున్నాలున్న ప్రతి నంబరునూ పాస్‌బుక్కుతో సరిచూడాలని కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ లెక్కల టీచరు, కర్నూలు