బస్తా మీద కొవ్వు శాతం సరే, ఏ నూనెతో?

సంపాదకుడు గారికి,

కోళ్ల మేత రేట్ల మీద వార్తలు వస్తూనే ఉంటాయి గానీ అందులో పోసే నూనె సంగతి ఎవరూ ఎత్తరు, అందుకే ఈ ఉత్తరం. ఏలూరు జిల్లాలో చిన్న బ్రాయిలర్ షెడ్డు నాది. పోయిన డిసెంబర్‌లో వేరే కంపెనీ మేతకు మారితే, నాలుగో రోజుకల్లా కోడిపిల్లలకు వెనక రెట్ట అంటుకుపోయి గట్టిపడింది. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి ఒక్కోదాన్నీ తుడుచుకుంటూ కూర్చున్నాం. చలికీ అలా అవుతుంది, కాదనను. కానీ ఆ రెట్ట వేళ్ల మధ్య సబ్బులా జారింది. ఏ నూనె కలుపుతున్నారని డీలర్‌ని అడిగితే, "నూనె నూనేగా, శాతం బస్తా మీద ఉంది చూసుకోండి" అన్నాడు.

ఆ శాతంతోనే వచ్చింది చిక్కు. ల్యాబ్‌లో ఈథర్ అనే ద్రావకంలో కరిగిందంతా కొవ్వు కిందే లెక్క, కోడికి ఎంత అరుగుతుందో అది చెప్పదు. మొదటి వారం, పది రోజులు పిల్లకు పిత్తరసం, కొవ్వును విడగొట్టే లైపేజ్ అనే ఎంజైమ్ రెండూ తక్కువే. సోయా నూనెనైతే ఆ వయసులోనూ చాలావరకు అరిగించుకుంటుంది. పామాయిల్, పశువుల కొవ్వు అలా కాదు. కోడి ఒంటి వేడి 41 డిగ్రీలు కదా, పామాయిల్ కడుపులో కరిగిపోదా అంటారు, కరగడం వేరు, అరగడం వేరు. అందులోంచి విడిపోయే పామిటిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం కరగాలంటే 60 డిగ్రీలు దాటాలి, పిత్తరసం చాలకపోతే అది మేతలోని కాల్షియంతో కలిసి నిజంగానే సబ్బయి రెట్టలో పోతుంది, నూనెతో పాటు కాల్షియమూ దండగ. తవుడు నూనె పాతదైతే అదో తంటా, అందులో నూనె నుంచి విడిపోయిన కొవ్వు ఆమ్లాలు పెరిగిపోయి ఉంటాయి.

మా చుట్టూ ఆయిల్‌పామ్ తోటలున్న రైతులు నా మీద కోపం పెట్టుకోవద్దు. మూడు వారాలు దాటిన కోడి పామాయిల్‌ని చాలా మెరుగ్గా అరిగించుకుంటుంది, దానికి కొంచెం సోయా నూనె కలిపితే పామాయిల్ కూడా ఇంకా బాగా ఒంటికి పడుతుంది. అమ్మే ముందు పెట్టే ఆఖరి మేత, ఫినిషర్‌లో పోసుకోండి, ఎవరొద్దన్నారు.

నేనడిగేది ఒకటే. పిల్లలకు మొదటి రోజుల్లో పెట్టే ప్రీ స్టార్టర్ మేత బస్తా మీదైనా ఏ నూనె, ఎంత పోశారో ఒక్క లైను అచ్చు వేయాలి, పశుసంవర్ధక శాఖ దీన్ని పట్టించుకోవాలి. ఇప్పుడైతే కొత్త బస్తా విప్పగానే గుప్పెడు తీసి వాసన చూడటం, అంతకు మించి మా చేతిలో ఏమీ లేదు.

— ఒక కోళ్ల రైతు, ఏలూరు జిల్లా