పోర్షన్‌కో మీటరు ఇవ్వడానికి అడ్డేమిటి?

సంపాదకులకు నమస్కారం.

అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్తే మా ఆవిడ వంటగదీ నీళ్ళూ చూస్తుంది, నేను మెట్ల కింద మీటర్ల బోర్డు చూస్తాను. ఇళ్ళ వైరింగ్ నా వృత్తి. హైదరాబాద్ శివార్లలో అద్దెకు ఉంటున్నాను. పదిమంది ఇళ్ళలో కరెంటు సరిచేసి వస్తాను గానీ, నేనుండే ఇంట్లో బోర్డు మూత తీయాలంటే ఓనర్ ఒప్పుకోవాలి. కరెంటు చార్జీల మీద, ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి మీద మీ పత్రికలో తరచూ వార్తలు వస్తున్నాయి. ఓనర్ పెట్టించిన సబ్ మీటర్ల మీద బతికే మాలాంటి వాళ్ళ సంగతి మాత్రం వాటిలో కనపడదు. అందుకే ఈ ఉత్తరం.

మా ఇంటి లెక్కే చెప్తాను. కింద ఓనర్ వాళ్ళుంటారు, వాళ్ళ మీటరు వేరు. పైన రెండు పోర్షన్లు, డాబా మీద ఒక రేకుల గది. ఈ మూడింటికీ కలిపి డిస్కం, అంటే కరెంటు కంపెనీ, ఇచ్చిన మీటరు ఒక్కటే. దాని తర్వాత ఓనర్ షాపులో కొని పెట్టించిన సబ్ మీటర్లు మూడు. మామూలు నెలలో మేం 120 యూనిట్లు కాలుస్తాం, పక్క పోర్షన్ వాళ్ళు 100, గదిలో కుర్రాడు 60. ఎవరి ఇంట్లోనూ ఏసీ లేదు, గీజరు లేదు.

తెలంగాణలో ఇళ్ళకు కరెంటు రేటు స్లాబుల మీద నడుస్తుందని అందరికీ తెలుసు. నెలకు 100 యూనిట్లు దాటకపోతే మొదటి 50కి యూనిట్ 1.95 రూపాయలు, తర్వాతి 50కి 3.10. వంద దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు 3.40, ఆపైన 4.80. రెండు వందలు దాటిందా, మొదటి 200 యూనిట్లకే 5.10 పడుతుంది, అక్కడి నుంచి 300 వరకు 7.70. ఇప్పుడు మా ముగ్గురికీ వేరువేరు మీటర్లు ఉన్నాయనుకోండి. మాకు 436 రూపాయలు, పక్కవాళ్ళకు 252.50, కుర్రాడికి 128.50 వస్తుంది. మొత్తం 817. అవే 280 యూనిట్లు ఒక మీటరు మీద తిరిగితే 1,636 అవుతుంది. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం ఇందులో కలపలేదు. ఒక్క యూనిట్ కూడా ఎక్కువ కాల్చకుండా బిల్లు రెండింతలైంది. కాల్చేది చిన్న సంసారాల్లా, కట్టేది ఏసీలున్న ఇంట్లో వాళ్ళలా!

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. మా దగ్గర వసూలు చేసేది యూనిట్‌కు 10 రూపాయలు. అంటే 2,800. అసలు బిల్లు చూపించమంటే "ఆన్‌లైన్‌లో కట్టేశానయ్యా, కాగితం ఎక్కడుంది" అంటారు. మా ఓనర్ ఒక్కరే ఇలా అని కాదు. నేను పనికి వెళ్ళే ఇళ్ళలో చాలాచోట్ల ఇదే పద్ధతి. కొందరు తొమ్మిది, కొందరు పన్నెండు. ఈ రేటు ఎవరు పెట్టారో అడిగితే సమాధానం ఉండదు. డిస్కం అర్ధ రూపాయి పెంచాలన్నా విద్యుత్ నియంత్రణ మండలి ముందుకు వెళ్ళాలి, జనం అభ్యంతరాలు వినాలి. మా రేటు మాత్రం టూ-లెట్ బోర్డు కింద నిలబడి ఒక్క మాటలో తేలిపోతుంది.

సబ్ మీటర్ల పక్కన ఇంకో తంతు ఉంటుంది. ఆ మధ్య ఆటో నడుపుకునే ఒకాయన పిలిచాడు. "అన్నా, ఒక ఫ్రిజ్జు, రెండు ఫ్యాన్లు, టీవీ. ఇన్ని యూనిట్లు ఎట్ల తిరుగుతున్నయో నాకు సమజైతలేదు" అన్నాడు. వెళ్ళి పోర్షన్ లోపలి ఎంసీబీ, అంటే కరెంటు ఆపే స్విచ్చు, దించేశాను. ఫ్యాన్లు ఆగాయి, ఫ్రిజ్ ఆగింది. బయటికొచ్చి చూస్తే సబ్ మీటరు మీద ఎర్ర లైటు గబగబా కొట్టుకుంటూనే ఉంది. ఆ మీటరు మీద 3200 అని రాసి ఉంది. అంటే ఆ లైటు 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్. వాచీ పెట్టి చూస్తే నిమిషానికి యాభై దాటుతోంది. లెక్క కడితే దాదాపు ఒక కిలోవాట్ లోడు. ఇంట్లో అన్నీ ఆపేశాక ఆ కరెంటు ఎటు పోతోందని వైరు పట్టుకుని వెళ్తే, మెట్ల కింద సంపు మోటారు స్టార్టర్ దగ్గర తేలింది. అప్పుడే ట్యాంకుకు నీళ్ళు ఎక్కుతున్నాయి. ఒక హార్స్‌పవర్ మోటారు రోజుకో గంట ఆడితే నెలకు ముప్ఫై యూనిట్లు. పది రూపాయల చొప్పున 300. ఇల్లంతా తాగే నీళ్ళకు ఆ ఆటో ఆయన ఒక్కడే కడుతున్నాడన్నమాట. ఓనర్‌ని పిలిచి చూపిస్తే "వైరింగ్ చేసినోడు పొరపాటున ఇచ్చి ఉంటడు" అన్నాడు. నేను చూసినంతలో ఆ పొరపాటు ఓనర్ మీటరు వైపు ఎప్పుడూ జరగలేదు.

అద్దెకుండే వాళ్ళెవరైనా ఈ పరీక్ష చేసుకోవచ్చు. మీ పోర్షన్ ఎంసీబీ దించి, సబ్ మీటరు ఎర్ర లైటు చూడండి. కాసేపు నిలబడ్డా అది కొట్టుకోకూడదు. మోటారు ఆడే వేళ ఇంకోసారి చూడండి. బోర్డు మాత్రం విప్పొద్దు.

బిల్లు సంగతి సరే, సరఫరా దెబ్బతింటే అంతకంటే టెన్షన్. పెద్ద ఇళ్ళకు త్రీ ఫేజ్ తీసుకుని, ఒక్కో పోర్షన్‌కు ఒక్కో ఫేజు ఇస్తారు. కరెంటు తిరిగిపోయే న్యూట్రల్ వైరు అన్నింటికీ ఒక్కటే. మీటరు దగ్గర ఆ న్యూట్రల్ స్క్రూ లూజై కాలిపోయిందనుకోండి, లోడు తక్కువున్న పోర్షన్‌లోకి 230 వోల్టులకు బదులు మూడు వందల పైచిలుకు దూరిపోతుంది. టీవీ, సెటాప్ బాక్సు, ఫ్రిజ్ బోర్డు ఒకేసారి పోతాయి. లైట్లు ఒక పోర్షన్‌లో మరీ వెలుగ్గా, ఇంకో పోర్షన్‌లో మిణుకుమిణుకుమంటుంటే వెంటనే మెయిన్ దించేయాలి, ఫోన్లు తర్వాత. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేస్తే యూఎస్‌సీ నంబరు, అంటే కనెక్షన్ నంబరు, అడుగుతారు. అది ఓనర్ బిల్లు మీద ఉంటుంది, ఆ వేళకు ఓనర్ ఊళ్ళో ఉండడు. ఎలాగో లైన్‌మన్ వచ్చినా "మీటరు దాకా మాది, ఆ తర్వాత మీ ఇంటి పని" అంటాడు. ఆయన మాటలో తప్పు లేదు, రూలు అదే. కానీ మీటరు తర్వాత ఉన్నదంతా మాది కాదు, ఓనర్‌ది. కాలిపోయిన టీవీ ఒక్కటే మాది.

వీటన్నిటికీ మందు పోర్షన్‌కో మీటరు. చట్టం కూడా ఇదే మాట అంటుంది. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్‌లో కనెక్షన్ అడిగే హక్కు ఇంటి యజమానికి మాత్రమే ఇవ్వలేదు, అందులో నివసించే వాళ్ళకూ ఇచ్చారు. ఓనర్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇవ్వలేదన్న కారణంతో కరెంటు నిరాకరించకూడదనీ, అడిగిన మనిషి అక్కడ ఉంటున్నాడా లేదా అన్నదే చూడాలనీ 2022 మేలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. వినియోగదారుల హక్కుల నియమాలను 2024లో సవరించి, మహానగరాల్లో 3 రోజుల్లో, మిగతా పట్టణాల్లో 7 రోజుల్లో, పల్లెల్లో 15 రోజుల్లో కొత్త కనెక్షన్ ఇవ్వాలన్నారు. అయితే ఆ గడువు దరఖాస్తు పూర్తిగా ఉంటేనే మొదలవుతుంది. చిక్కంతా అక్కడే. అద్దె ఒప్పందం పట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్తే "ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలు, ఓనర్ సంతకం తీసుకురా" అంటారు. ఓనర్ సంతకం పెట్టేవాడైతే ఆయనే మీటరు పెట్టించేవాడు కదా! ఏ ఆఫీసో రాయను. పని మీద వెళ్ళిన ప్రతిచోటా నేను విన్నది ఒకటే మాట.

ఓనర్ల భయాలు ఉత్తవని నేను అనను. అద్దెదారు బిల్లు ఎగ్గొట్టి సామాను సర్దుకుపోతే బాకీ ఆ ఇంటికే అంటుకుంటుంది. నిబంధనలు ఉన్నచోట పాత బాకీ కట్టాకే కొత్తవాళ్ళకు కనెక్షన్ ఇస్తామని డిస్కంలు పట్టుబట్టవచ్చని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. కాబట్టి అద్దెదారు పేరున మీటరు ఇచ్చేటప్పుడు రెండు మూడు నెలల బిల్లుకు సరిపడా డిపాజిట్ ఎక్కువ తీసుకోండి. బిల్లు కట్టకపోతే చట్టప్రకారం 15 రోజుల నోటీసు ఇచ్చి తీసేయండి. ఆ డిపాజిట్‌లో పట్టుకోండి. ఓనర్ మీద రూపాయి పడదు. ఇక మీటరు అద్దెదారు పేరున ఉంటే రేపు ఇల్లే నాదంటాడేమో అనే భయం మాత్రం అర్థం లేనిది. కరెంటు బిల్లు ఇంటి దస్తావేజు కాదు.

గృహజ్యోతి సంగతీ ఇక్కడే చెప్పాలి. 2024 మార్చి నుంచి తెల్ల రేషన్ కార్డున్న వాళ్ళకు నెలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు ఇస్తున్నారు. అద్దెకున్న వాళ్ళకూ వర్తిస్తుందని ప్రభుత్వమే చెప్పింది. మాకూ కార్డుంది, పక్కవాళ్ళకూ ఉంది. ఇద్దరిలో ఎవరమూ 200 దగ్గరికి కూడా పోం. కానీ డిస్కం మీటరు మీద 280 తిరిగింది, ఇద్దరికీ లేదు. పథకం పెట్టినవాళ్ళు మమ్మల్ని వద్దనలేదు, మెట్ల కింద బోర్డే వద్దంది. విడి మీటరు ఉన్న ఇంటికి మారినా సుఖం లేదు. అంతకుముందు ఉండి వెళ్ళిన వాళ్ళ కార్డు ఆ మీటరుకే అతుక్కుని ఉంటుంది. వాళ్ళు ఎక్కడున్నారో తెలియదు. దాన్ని తీయించడానికి మున్సిపల్ ఆఫీసుకు పోతే కరెంటు ఆఫీసుకు పొమ్మంటారు, అక్కడికి పోతే మళ్ళీ ఇక్కడికి. ఇల్లు మారిన రోజే కొత్త అద్దె ఒప్పందం చూపిస్తే పాత కార్డు తీసి కొత్త కార్డు ఎక్కించే పని ఒకే కౌంటర్‌లో జరగాలి.

సబ్ మీటర్లు రేపటికి రేపు పోవని నాకు తెలుసు. అవి ఉన్నన్నాళ్ళు, డిస్కం బిల్లును యూనిట్ల ప్రకారం పంచుకోవడమే తప్ప ఓనర్ సొంత రేటు పెట్టకూడదని ఒక ఉత్తర్వు ఇవ్వండి. నెలనెలా అసలు బిల్లు కాపీ మీటర్ల బోర్డు పక్కన అంటించాలనండి. యూఎస్‌సీ నంబరు కూడా దాని మీదే ఉంటుంది, ఫోన్ చేసే వాళ్ళకు పనికొస్తుంది. అన్నిటికంటే ముందు, కొత్త కనెక్షన్‌కు కౌంటర్‌లో అడిగే కాగితాల జాబితాలో 'యజమాని సంతకం' అన్నచోట 'లేదా అద్దె ఒప్పందం' అని చేర్చండి. ఆ మూడు మాటలు పడితే, ఓనర్‌తో పోట్లాడకుండానే మా పోర్షన్‌కు మీటరు బోర్డు నేనే బిగించుకుంటాను.

ఇట్లు,
ఒక ఎలక్ట్రీషియన్, హైదరాబాద్