వార్షిక నివేదిక: సభ్యత్వ విస్తరణలో మన క్లబ్బు అనుభవం

గౌరవనీయులైన సభ్యులకు, వారి కుటుంబ సభ్యులకు నమస్కారాలు.

జూలై 1న మొదలై జూన్ 30తో ముగిసిన రోటరీ సంవత్సరంలో మన రోటరీ క్లబ్బు చేపట్టిన పనుల వివరాలను కార్యదర్శిగా మీ ముందుంచుతున్నాను. రక్తదాన శిబిరాలు, కంటి పరీక్షలు, పాఠశాలలకు నోటు పుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. వాటి జమాఖర్చులను కోశాధికారి గారు విడిగా సమర్పిస్తారు. ఈ నివేదికలో ఎక్కువ భాగాన్ని సభ్యత్వానికే కేటాయిస్తున్నాను. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో పది కాలాలపాటు నిలిచేది అదేనని నా నమ్మకం.

ఇన్నేళ్ళుగా ఇంత సేవ చేస్తున్నా కొత్తవారు మన క్లబ్బులో చేరడానికి ఎందుకు ముందుకు రావడం లేదన్న ప్రశ్న గత సర్వసభ్య సమావేశంలో వచ్చింది. ప్రచారం చాలడం లేదని కొందరు, పెద్ద కార్యక్రమాలు చేపట్టాలని మరికొందరు సూచించారు. కార్యవర్గం ముందుగా సభ్యుల పట్టిక తీసి చూసింది. వైద్యులు, రైసు మిల్లుల యజమానులు, న్యాయవాదులు, కాంట్రాక్టర్లు తప్ప వేరే వృత్తులవారు దాదాపుగా కనిపించలేదు. అందరూ పురుషులే, ఎక్కువమంది యాభై దాటినవారే, చాలామంది ఒకరికొకరు బంధువులో చిన్ననాటి స్నేహితులో. బయటివారికి మనం సేవా సంస్థలా కాక నలుగురు ఎరిగినవాళ్ళు కూడే చోటులా కనిపించామంటే తప్పు వారిది కాదు.

రోటరీ పుట్టిన తీరు ఇందుకు పూర్తిగా భిన్నమైనది. 1905 ఫిబ్రవరి 23న చికాగోలో తొలిసారి కూర్చున్న నలుగురిలో పాల్ హారిస్ న్యాయవాది, సిల్వెస్టర్ షీలే బొగ్గు వ్యాపారి, గస్టావస్ లోర్ గనుల ఇంజినీరు, హైరమ్ షోరే దర్జీ దుకాణం యజమాని. వంతులవారీగా ఒక్కొక్కరి కార్యాలయంలో కలుసుకోవడం వల్లనే రోటరీ అన్న పేరు వచ్చింది. తొలి నలుగురిలో దర్జీ పని ఎరిగిన మనిషి ఉన్న సంస్థలో, మన క్లబ్బు పట్టికలో మాత్రం ఈ ఏడాది దాకా ఆ వృత్తివారు ఒక్కరూ లేరు.

మహిళల విషయం మరింత బాధాకరం. అమెరికాలో ఒక క్లబ్బు మహిళలను చేర్చుకున్నందుకు 1978లో గుర్తింపు కోల్పోయింది. 1987లో ఆ దేశ సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, 1989లో రోటరీ తన నియమావళిని మార్చి ప్రపంచమంతటా మహిళలకు సభ్యత్వం ఇచ్చింది. అయినా మన శిబిరాల్లో ఏళ్ళ తరబడి పేర్లు నమోదు చేసి, వరుసలు సరిచేసి, భోజనాలు చూసుకున్న స్త్రీలను మనం సభ్యుల భార్యలుగా, రోటరీ వాడుకలో ‘ఆన్స్’గా మాత్రమే లెక్కించాం. వారికి ఓటు లేదు, నిర్ణయాల్లో మాట లేదు. ఈ ఏడాది వారిలో నలుగురు తమ పేరుతో, తమ వృత్తితో సభ్యులయ్యారు.

కొత్తవారిని చేరమని పిలవడానికి ముందు, వారు రాలేకపోవడానికి కారణాలేమిటో అడిగి తెలుసుకున్నాం. గురువారం రాత్రి ఎనిమిదిన్నరకు హోటల్లో మొదలయ్యే సమావేశానికి డ్యూటీ దిగి ఇంటికి చేరే నర్సు ఎలా రాగలరు? ప్రతి సమావేశానికి భోజనం ఖర్చు కలిపిన చందాను చిన్న దుకాణదారు ఒకేసారి ఎలా కట్టగలరు? 2016లో రోటరీ నియమాలను నిర్ణయించే శాసన మండలి, సమావేశాల వేళల విషయంలో క్లబ్బులకు వెసులుబాటు ఇచ్చింది. దాన్ని ఉపయోగించుకుని నెలకు రెండు ఆదివారాలు సాయంత్రం నాలుగింటికి, సభ్యుల పనిచోట్లలోనే వంతులవారీగా కలుస్తున్నాం. భోజనం మానేసి టీ, బిస్కెట్లతో సరిపెట్టుకున్నాం. చందాను నెలవారీ వాయిదాల్లో తీసుకుంటున్నాం. మినిట్సు తెలుగులో రాస్తున్నాం. ఆ రాత్రి భోజనాల్లో ఆత్మీయత పెరిగిందన్న పెద్దల మాట నిజమే. అందుకే మూడు నెలలకొకసారి కుటుంబాలతో విందు ఉంచాం.

ఈ మార్పుల ఫలితం కుట్టు మిషన్ల పంపిణీలో కళ్ళకు కట్టింది. ఏటా మిషన్లు ఇచ్చి, ఫొటో తీసుకుని వచ్చేవాళ్ళం. ఈసారి కొనేముందు, బజారు వీధిలో జాకెట్లు కుట్టే మన కొత్త సభ్యురాలు, గతంలో తీసుకున్నవారి ఇళ్ళకు వెళ్ళి చూద్దామన్నారు. నాలుగిళ్ళకు వెళ్తే రెండిళ్ళలో మిషన్ మీద దుప్పట్లు మడతపెట్టి ఉన్నాయి. ఒక ఇంట్లో ఆమె ఆ దుప్పట్లు పక్కన పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పి, బాబిన్ కేసు బయటికి తీసి వెలుతురులో చూసి, అది అరిగినందువల్లే దారం తెగుతోందని చెప్పారు. చిన్న విడిభాగం కోసం మిషన్ మూలపడింది. పైగా మన ఊళ్ళో నిత్యం గిరాకీ ఉండే చీరల పీకో పని మామూలు మిషన్ మీద కాదు, దానికి జిగ్‌జాగ్ మిషన్ కావాలి. ఇంతకాలం ధర తప్ప మరేమీ చూడని మనకు ఆ సంగతి తెలియదు. అందుకని ఈ ఏడాది మిషన్ల సంఖ్య తగ్గించి, పీకో మిషన్ ఒకటి ఉమ్మడిగా కొని, ఆమె దుకాణంలోనే మూడు నెలల శిక్షణ ఏర్పాటు చేశాం.

రక్తదాన శిబిరాల్లో హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి 12.5 గ్రాములకు తగ్గితే దాతను తీసుకోరు. అలా వెనుదిరిగేవారిలో స్త్రీలే ఎక్కువగా కనిపిస్తున్నారని, వారిని మనం ఉత్త చేతులతో పంపేస్తున్నామని గుర్తించింది సభ్యురాలైన ఒక నర్సు. ఇప్పుడు వారి అంగీకారంతో వివరాలు రాసుకుని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపి, తర్వాత ఫోను చేసి కనుక్కుంటున్నాం.

ఒక లోపాన్ని కూడా ఇక్కడ నమోదు చేయాలి. మన పిలుపుపై చేరిన యువ అధ్యాపకుడు ఆరు నెలల్లోనే రాజీనామా చేశారు. కుర్చీలు సర్దడం, మైకు చూడడం తప్ప తనకు వేరే బాధ్యత ఇవ్వలేదని, ఏదైనా సూచిస్తే ‘నువ్వు చిన్నవాడివి బాబూ’ అన్నారని ఆయన లేఖలో రాశారు. ఆయన మాట సత్యం. యువతను పట్టికలో చేర్చి నిర్ణయాలకు దూరంగా ఉంచితే అది అలంకారమే అవుతుంది. అధ్యక్షుల వారు, నేను ఆయన ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పి వచ్చాం. ఆయన ఇంకా తిరిగి రాలేదు.

దీని దృష్ట్యా, వచ్చే ఏడాది ప్రతి ఉపసంఘంలోనూ, క్లబ్బులో చేరి రెండేళ్ళు నిండని సభ్యులొకరు ఓటు హక్కుతో ఉండాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. వికలాంగులైన సభ్యులు రాగలిగేలా, మెట్లు లేని చోట్లనే సమావేశాలకు ఎంచుకోవాలన్నది రెండో ప్రతిపాదన. ఈ రెండింటినీ నేటి సభలో చర్చించి ఆమోదించవలసిందిగా కోరుతున్నాను. జూలై తొలి సమావేశం మన కొత్త సభ్యుడి పూల మొక్కల నర్సరీలో జరుగుతుంది.

ఇట్లు,
గౌరవ కార్యదర్శి